సీసాల మూత తియ్యి, బుజ్జీ

మల్కాజిగిరి,
హైదరాబాద్.

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు ఆడుతున్న ఫైనల్ ఫాంటసీ 7 ఆట నుంచి పంపిన ఫొటోలో నేను బాస్‌ను, అంటే దారికి అడ్డం నిలిచే ఆ పెద్ద శత్రువును, చూడలేదు, నీ సంచిని చూశాను. ప్రాణం ఎక్కించే పోషన్లు తొంభై పైచిలుకు, వాటికంటే గట్టివి హై-పోషన్లు నలభై, మంత్రశక్తి నింపే ఈథర్లు డజను, రెండూ నింపే ఎలిక్సిర్లు ఆరు. ఒక్కదాని మూత కూడా తీసినట్టు లేదు. అంత మందుల దుకాణాన్ని వీపున మోసుకుంటూ వారం రోజులుగా అదే బాస్, ఆ డెమన్స్ గేట్ చేతిలో చచ్చిపోతున్నావు. పైగా "లెవెల్ చాలడం లేదేమో అత్తయ్యా" అని అడుగుతున్నావు. లెవెల్ చాలు. వాడటానికి నీకు చెయ్యి రావడం లేదు, అంతే.

ఇది నీ ఒక్కదాని జబ్బు కాదులే. ఈ ఆటలు ఆడేవాళ్లలో ఎలిక్సిర్లన్నీ చివరి బాస్ కోసం దాచి, వాడు చచ్చాక కూడా ఆ సీసాలను అలాగే మిగుల్చుకునేవాళ్లు ఎంతోమంది. మన ఊరి జిందా తిలిస్మాత్ సంగతి చూడు. 1920 నుంచి హైదరాబాద్‌లోనే తయారవుతోంది. మా అమ్మ, అంటే మీ నానమ్మ, అలమరలో ఆ చిన్న సీసా ఎప్పుడూ ఉండేది. జలుబు చేసినా, తలనొప్పి అన్నా వెంటనే మూత తీసేది. పెద్ద రోగం వచ్చినప్పుడు చూద్దాంలే అని ఏనాడూ అనలేదు. అయిపోతే వీధి చివర దుకాణంలో మరొకటి దొరుకుతుందని ఆవిడకు తెలుసు.

ఇక అసలు సంగతి. నువ్వు మందు ఖరీదును గిల్‌లలో, అంటే ఆటలోని డబ్బులో, లెక్క వేస్తున్నావు. బాస్ ముందు నిలబడ్డాక గిల్‌కు విలువ లేదు. అక్కడ నువ్వు ఖర్చు పెట్టేది నీ వంతు, అంటే ఒక్క పని చేసే అవకాశం. ఫైనల్ ఫాంటసీ 7లో పోషన్ వెల 50 గిల్, ఎక్కేది 100 హెచ్‌పీ, అంటే ప్రాణబలం. హై-పోషన్ వెల 300, ఎక్కేది 500. డబ్బు చూసుకుంటే పోషనే చవక, గిల్‌కు రెండు హెచ్‌పీ గిడుతుంది. హై-పోషన్‌లో అది రెండుకు లోపే. అందుకే నీ సంచిలో పోషన్లు గుట్టపడ్డాయి. కానీ ఏది తాగించినా పోయేది ఒక్క వంతే కదా. అదే వంతులో హై-పోషన్ ఐదింతలు ఎక్కిస్తుంది. కాబట్టి పోషన్లను పోరాటాల మధ్య ఖాళీలో, మెనూలోంచి తాగించు. అక్కడ వంతులు ఉండవు, ఎన్ని తాగించినా అడిగేవాడు లేడు. పోరాటంలోకి మాత్రం పోషన్ తీసుకురాకు.

ఇప్పుడు నీ బాస్‌కు ఈ లెక్క వేద్దాం. వాడికి 10,000 హెచ్‌పీ. వాడు నీ హీరో క్లౌడ్‌ను ఒక్కో దెబ్బకు 600 కొడుతున్నాడనుకో. నువ్వు ప్రతిసారీ 500 ఎక్కిస్తున్నావు. చూడ్డానికి పోరాడుతున్నట్టే ఉంటుంది, నిజానికి వంతుకు వంద చొప్పున చచ్చిపోతున్నావు. వాడి ఒంటి మీద ఒక్క గీత కూడా పడటం లేదు. ఎక్కించేది వాడి దెబ్బ కంటే తక్కువైతే ఆ మందు దండగ. అప్పుడు ఇంకా పెద్ద మందు వెతకడం కాదు, ముందు వాడి దెబ్బను తగ్గించాలి.

తగ్గించే వస్తువు నీ సంచిలోనే ఉంది, పేరు ట్రాంక్విలైజర్. చిల్లర సామాను అనుకుని నువ్వు దాని వంక కూడా చూసి ఉండవు. దాన్ని నీ మనిషి మీదే వాడితే శాడ్‌నెస్ అనే స్థితి వస్తుంది. పేరు చూసి అదేదో శాపం అనుకుంటారు గానీ, తగిలే దెబ్బ 30 శాతం తగ్గుతుంది. 600 కాస్తా 420 అవుతుంది. ఇప్పుడు అదే హై-పోషన్‌తో వంతుకు 80 మిగుల్తోంది చూడు. బదులుగా లిమిట్ గేజ్, అంటే నిండితే నీ ప్రత్యేక దెబ్బ వేయనిచ్చే కొలత, నెమ్మదిగా నిండుతుంది. ఫరవాలేదు, బతికుంటే అదే నిండుతుంది. పోరాటం మొదలుకాక ముందే తాగించు, లోపలికి వెళ్లాక కూడా ఆ స్థితి అలాగే ఉంటుంది. వద్దనిపిస్తే హైపర్ అనే మందు తాగించు, పోతుంది. అన్నిటికంటే ముందు సెట్టింగ్స్‌లో ఏటీబీని, అంటే పోరాటంలో కాలం నడిచే పద్ధతిని, వెయిట్‌కు మార్చు. నువ్వు మందు వెతుక్కుంటున్నంతసేపూ కాలం ఆగుతుంది. కొందరు దీన్ని పిరికితనం అంటారు. వాళ్ల మాట పట్టించుకోకు.

ముగ్గురికీ ఒకేసారి దెబ్బ తగిలితే సీసాల జోలికి పోవద్దు. నయం చేసే మంత్రపు గోళీ రిస్టోర్ మెటీరియాకు పక్కనే, మంత్రాన్ని అందరికీ పంచే ఆల్ మెటీరియా జత చేసి, క్యూర్ మంత్రంతో ఒక్క వంతులో ముగ్గురినీ లేవనెత్తు. సీసా ఒక్కరి కోసం, మంత్రం అందరి కోసం. ఇక ఎప్పుడు తాగించాలంటావా? హెచ్‌పీ సగమయిందా లేదా అని చూడకు. బాస్ కొట్టగలిగిన అతి పెద్ద దెబ్బ ఎంతో మొదటి రెండు చావుల్లో కనిపెట్టి ఉంటావు. హెచ్‌పీ అంతకంటే కిందికి దిగితేనే తాగించు. ఆ పైన ఉన్నంతసేపూ కొడుతూనే ఉండు.

ఫీనిక్స్ డౌన్ గురించి ఒక్క మాట. అది పడిపోయినవాణ్ని లేపుతుంది గానీ, పావు వంతు హెచ్‌పీతోనే లేపుతుంది. లేచినవాడు మరుదెబ్బకు మళ్లీ పడతాడు, నువ్వు మళ్లీ లేపుతావు. ఈ తంతులోనే నీ ఆట పోతోందని నా అనుమానం. లేపడం, హై-పోషన్ పట్టడం ఈ రెండూ వెంటవెంటనే జరగాలి. ఇద్దరి వంతు గేజీలూ నిండేదాకా ఆగి, ఒకరు లేపగానే రెండోవారు తాగించాలి. ఆ వస్తువుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. 1994లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 6లో ఒక దెయ్యాల రైలు బాస్‌గా వస్తుంది. దాని మీద ఒక్క ఫీనిక్స్ డౌన్ విసిరితే అక్కడికక్కడే అయిపోతుంది. చచ్చినవాళ్లను బతికించే వస్తువు, చచ్చీ తిరిగేవాళ్లను చంపుతుందన్నమాట. ఆ ముక్క ఆలోచించినవాడు ఎవడో గానీ, వాడికి దండం పెట్టాలి.

ఏది దాచాలి అని అడుగుతావు, నాకు తెలుసు. దుకాణంలో దొరికే ఏ వస్తువునూ దాచకు. పవర్ సోర్స్, గార్డ్ సోర్స్ లాంటివి బలాన్ని శాశ్వతంగా ఒక మెట్టు పెంచుతాయి, వాటిని దొరికిన రోజే వాడెయ్యి. ఆలస్యం చేసినంత కాలం ఆ మెట్టు నీకు లేనట్టే. పోకెమాన్‌లో రేర్ క్యాండీ ఒక్కటి వేరు. ఐదో లెవెల్‌లోనైనా ఎనభైలోనైనా అది పెంచేది ఒక్క లెవెలే. పై లెవెల్స్‌కే ఎక్కువ శ్రమ పడాలి కాబట్టి దాన్ని చివరిదాకా ఉంచడంలో అర్థం ఉంది. ఎలిక్సిర్లు ఉంచుకో, కానీ ఏ బాస్ కోసమో పేరు రాసి పెట్టుకుని ఉంచు. నీ ఆరింటిలో రెండు డెమన్స్ గేట్ పేరున రాసేశాను నేను.

పోకెమాన్ మాట వచ్చింది కాబట్టి ఒక పొదుపు సంగతి, ఇది నా బ్యాంకు బుద్ధి. 1996 నాటి మొదటి ఆటల్లో సూపర్ పోషన్ 700, ఎక్కేది 50. సెలడాన్ పట్నంలోని పెద్ద దుకాణం డాబా మీద కూల్‌డ్రింకుల యంత్రం ఉంటుంది. అందులో లెమొనేడ్ 350, ఎక్కేది 80. సగం ధరకు ఒకటిన్నర రెట్లు! అయినా పిల్లలందరూ మందుల కౌంటర్ దగ్గరే నిలబడేవాళ్లు. కొత్త ఊళ్లోకి వెళ్లగానే అమ్మే ప్రతి వస్తువు మీదా ఏమి రాసి ఉందో చదివే అలవాటు చేసుకో.

తర్వాత ఎల్డెన్ రింగ్ మొదలుపెడతానన్నావు. అక్కడ నీ దాచుకునే బుద్ధికి చోటే లేదు. డార్క్ సోల్స్‌తో 2011లో ఈ పద్ధతి స్థిరపడింది. సీసాలో ఇన్ని గుక్కలే, నిప్పు దగ్గర కూర్చుంటే మళ్లీ నిండుతుంది. మిగుల్చుకున్నా లాభం లేదు. ఎల్డెన్ రింగ్‌లో ప్రాణం నింపే ఎర్ర సీసా, మంత్రశక్తి నింపే నీలి సీసా కలిపి ఎంత పెంచినా 14 గుక్కలు, ఏ సీసాకు ఎన్ని అన్నది నీ ఇష్టం. మంత్రాలు వాడనిదానివైతే నీలిదానికి సున్నా పెట్టేసినా తప్పు లేదు. అక్కడ వంతులు లేవు, గుక్క తాగడానికి పట్టే ఆ క్షణమే నీ వంతు. సీసా ఎత్తగానే నీ మీదికి దూకే శత్రువులు ఉన్నారు. అందుకే దెబ్బ తగిలిన వెంటనే తాగకు. నువ్వు చచ్చేది సరిగ్గా అప్పుడే. వాడు పెద్ద దెబ్బ వేసి తిరిగి నిలదొక్కుకునేలోపు దూరం జరిగి తాగు.

బాల్డర్స్ గేట్ 3 ఇంకో రకం. మందు తాగడం అక్కడ బోనస్ యాక్షన్, అంటే వంతులో అసలు పనితో పాటు దొరికే చిన్న పని, కిందికి వస్తుంది కాబట్టి తాగి కూడా కొట్టొచ్చు. సీసాను నేల మీదికి విసిరితే ఆ చిందు పడినవాళ్లందరికీ నయమవుతుంది. పక్కపక్కనే పడిపోయిన ఇద్దరిని ఒక్క సీసాతో లేపొచ్చు. చిన్న సీసా ఎక్కించేది నాలుగు నుంచి పది హెచ్‌పీ మాత్రమే. కానీ పడిపోయినవాడు లేవడానికి ఒక్క హెచ్‌పీ చాలు. అందుకని సగం గాయపడ్డవాడికి పట్టడం కంటే పడ్డవాణ్ని లేపడానికే దాన్ని ఉంచుకోవడం మేలు. నీ ఫైనల్ ఫాంటసీ అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు, గమనించుకో. ఎలిక్సిర్ అంటే అక్కడ అర్థం వేరు. పొద్దున తాగితే లాంగ్ రెస్ట్, అంటే రాత్రి విశ్రాంతి, దాకా పనిచేస్తుంది, ఒకసారికి ఒక్కటే ఉంటుంది. రోజూ ఒకటి తాగి బయల్దేరు. స్పీడ్ పోషన్‌తో మాత్రం జాగ్రత్త. మూడు వంతులు చెలరేగిపోతావు, ఆ తర్వాత నీరసంతో ఒక వంతు కూలబడతావు. మూడింటిలో పని ముగుస్తుందనుకుంటేనే తాగు.

స్కైరిమ్‌లో మెనూ తెరిస్తే కాలం ఆగిపోతుంది. కత్తి మెడ మీదికి వచ్చి ఆగి ఉండగా పాతిక చీజ్ చక్రాలు తినేసి మళ్లీ పోరాటానికి దిగొచ్చు. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు, నవ్వుకోవడం తప్ప.

ఫోను ఆటల్లో చావగానే "పునరుజ్జీవం, ఇంత రూపాయలు" అని వచ్చే బటన్ మాత్రం నొక్కకు. అక్కడ బాస్‌ను కష్టంగా చేసినవాడూ, మందు అమ్మేవాడూ ఒక్కడే. నువ్వు ఆడుతున్నది మూడు డిస్కుల పాత ఆట, అందులో కొనాల్సిందంతా గిల్‌తోనే. ఆ మర్యాద ఉన్న ఆటలే ఆడు.

ఈ రాత్రికి చెయ్యాల్సింది ఇది. సేవ్ చెయ్యి. టెంట్ ఉంటే సేవ్ పాయింట్ దగ్గర వాడు, ముగ్గురికీ హెచ్‌పీ, ఎంపీ (మంత్రశక్తి) పూర్తిగా నిండుతాయి. ముగ్గురికీ ట్రాంక్విలైజర్ పట్టు. ఒకరికి రిస్టోర్, ఆల్ జత చెయ్యి. వాళ్లు వైద్యం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు, మిగతా ఇద్దరూ కొట్టడమే. ఎంపీ అయిపోగానే ఈథర్‌తో బేరాలు ఆడకుండా సూటిగా ఎలిక్సిర్ తాగించు, హెచ్‌పీ కూడా నిండుతుంది. ఓడినా సరే, ఓడేటప్పటికి సంచిలో పది హై-పోషన్లయినా తగ్గి ఉండాలి. లేకపోతే నాకు ఫోను చెయ్యకు.

ఆదివారం వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తెచ్చుకో, ఇక్కడున్నది నీదానికి పట్టదు.

నీ అత్తయ్య