రాసేవాళ్ల సందేహాలు: తండ్రి చెయ్యి కొడుక్కి వస్తుందా?

ప్రశ్న: నా కథలో ఓబులేసు తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు. చిన్నప్పుడు తండ్రి బెల్టుతో చావబాదేవాడు. ఇప్పుడు తనకు ఐదేళ్ల కొడుకు. తానూ తండ్రిలాగే తయారవుతానేమోనని భయం. అది చూపించడానికి నాలుగు ఫ్లాష్‌బ్యాక్‌లు పెట్టాను. చివర్లో కొడుకు మీద చెయ్యి చేసుకుంటాడు. చదివినవాళ్లు 'ఏడుపు ఎక్కువైంది' అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నాలుగు ఫ్లాష్‌బ్యాక్‌లూ తండ్రి క్రూరత్వాన్నే చెబుతున్నాయి, ఓబులేసు భయం ఒక్కదాంట్లోనూ లేదు. మూడు తీసేయండి. మిగిలినదాన్ని ఐదారు వాక్యాలకు కుదించి కథ సగం దాటాక పెట్టండి. ముందే పెడితే పాఠకుడు జాలిపడి ఊరుకుంటాడు, 'వీడెందుకిట్లా ఉన్నాడు?' అని అడగడు.

భయమున్నవాడు తనకు తానే కట్టడులు పెట్టుకుంటాడు. ప్యాంటు జారుతున్నా బెల్టు కట్టడు. పిల్లోడికి స్నానం చేయించడు. కోపమొస్తే ఇంట్లో నిలవడు. కారణం చెప్పకుండా ఇలాంటివి రెండు మూడు చూపిస్తే చాలు. వాటివల్ల నష్టపోయేదెవరో కూడా చూపించాలి. మందలించే పనంతా భార్య నెత్తిన పడుతుంది కదా.

రాత్రి సంగటి తింటుండగా పిల్లోడి చెయ్యి తగిలి స్టీలు చెంబు గచ్చు మీద పడిందనుకోండి. ఆ చప్పుడుకు ఓబులేసు చెవులు వేడెక్కాలి, దవడ బిగుసుకోవాలి, చేతిలో ముద్ద పిడికిట్లో నలిగిపోవాలి. ఆలోచన ఆ తర్వాతే. చాలా కథల్లో ఇది తలకిందులవుతుంది. పాత్ర ముందు ఒక పేరా నిండా ఆలోచించి, తీరిగ్గా వణుకుతుంది. నాటకంలా అనిపించేది అక్కడే. ఐదు సెకన్ల ఈ వ్యవహారానికి అరపేజీ ఇవ్వండి. తర్వాత 'బీడీలు తెచ్చుకుంటా' అని లేచి వెళ్లిపోనివ్వండి. వాకిలి దాటాక పిల్లోడు తల్లిని, 'నాయనకు నేనంటే గిట్టదా మా?' అని అడగాలి. కొట్టకూడదని చేసిన పనే బిడ్డ మనసుకు దెబ్బయింది. మీ కథ ఉన్నది ఇక్కడ.

తండ్రికి కూడా ఒక మంచి రోజు ఇవ్వండి, తిరునాళ్లలో కొడుకును భుజానెక్కించుకున్న రోజులాంటిది. ఉత్త రాక్షసుడైతే 'నేను వాడిలా కాను' అని ఓబులేసు తేలిగ్గా తప్పించుకుంటాడు. 'నవ్వు అచ్చం మీ నాయనదే' అని ఎవరైనా అంటే ఉలిక్కిపడాలంటే ఆ మంచి రోజు ఉండాలి.

ఇక ముగింపు. దెబ్బలు తిన్నవాడు కొట్టి తీరతాడన్నది నిజం కాదు. జోన్ కాఫ్‌మన్, ఎడ్వర్డ్ జిగ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో అప్పటి పరిశోధనలను పరిశీలించి, హింసకు గురైనవాళ్లలో తమ పిల్లలను హింసించేవాళ్లు సుమారు 30 శాతమని అంచనా వేశారు. ఎక్కువమంది ఆ దారి పట్టరు. అలా బయటపడ్డవాళ్ల చిన్నతనంలో అండగా నిలిచిన పెద్దమనిషి ఒకరు తరచూ కనిపిస్తారు. ఓబులేసుకు ఒక జేజిని (నాయనమ్మను) ఇవ్వండి, రెండు వాక్యాల్లో సరిపోతుంది. చెయ్యి ఎత్తించే బదులు అరిపించండి. ఆ తర్వాత తండ్రి ఏనాడూ చేయని పని చేయించండి: వెనక్కొచ్చి, కొడుకు పక్కన కింద కూచుని, 'అరిసింది నాదే తప్పు నాయనా' అనాలి. 'నువ్వు చెంబు పారేసినందుకే' అని తోక తగిలించారా, పాత తండ్రి మళ్లీ నోరు తెరిచినట్టే. మంచాన పడ్డ తండ్రి క్షమాపణ అడిగే దృశ్యం మాత్రం దయచేసి వద్దు.

ప్రశ్న: పినతల్లి చేతిలో వాతలు తిన్న అమ్మాయి పెద్దయి టీచరైంది. వాతలు పెట్టే దృశ్యం వివరంగా రాయాలా? క్లాసులో బెత్తం పట్టదని రాస్తే భయం తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: దృశ్యం అక్కర్లేదు, మచ్చ చాలు. 'అదేంది మేడం?' అని పిల్లలు అడిగితే, 'చిన్నప్పుడు వేడినీళ్లు పడినాయి' అని అబద్ధమాడనివ్వండి. బెత్తం సంగతి ఒక్కటే చాలదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది కాబట్టి, అది చట్టం మాట వినడంలాగానే కనిపిస్తుంది. మామూలు టీచరు చేసే పని ఆమె చేయలేకపోవాలి. వరసగా వారం రోజులు హోంవర్కు తేని పిల్లను ఒక్క మాట అనలేక, ఆ లెక్కలు తనే నోటుబుక్కులో చేసిపెట్టి పంపేస్తుంది.