కారు నేపర్‌విల్‌లోనే వదిలెయ్యి

చిరంజీవి కిరణ్‌కి,

పెదనాన్న ఆశీస్సులు. మీ అమ్మా నాన్నా వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు కళకళలాడుతోందని మీ పెద్దమ్మ చెప్పింది. శుక్రవారం అందరినీ షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియంకి, కబ్స్ బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్తున్నావట, టికెట్లు కూడా కొనేశావట. మంచి పని. కానీ "కార్లోనే వెళ్ళిపోతాం పెదనాన్నా, మ్యాప్‌లో గంటే చూపిస్తోంది" అన్నావే, అక్కడే నాకు మనసొప్పలేదు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు తిరిగొచ్చే సంగతి చూసుకో. వెళ్ళే సంగతి దాన్ని బట్టి అదే తేలుతుంది. ఆట మధ్యాహ్నం 1:20కి మొదలు. 2023లో పిచ్ క్లాక్ అని బంతి బంతికీ మధ్య గడువు పెట్టాక ఆటలు చాలావరకు మూడు గంటల లోపే అయిపోతున్నాయి. అంటే నాలుగింటికి అటూ ఇటుగా బయటపడతారు. స్కోరు సమంగా ఉంటే మాత్రం తొమ్మిది ఇన్నింగ్స్‌తో ఆగరు, ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడుతూనే ఉంటారు. ఎలా చూసినా శుక్రవారం సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి, స్టేడియం నుంచి వచ్చే దాదాపు నలభై వేల మందితో పాటు నువ్వూ రోడ్డెక్కుతావు. కెనడీ హైవే మీద పాకి, ఐసెన్‌హోవర్ హైవే మీద ఈది, నేపర్‌విల్ చేరేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. వెనక సీట్లో మీ నాన్న మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటాడు.

అదే రైలయితే ఆ వేళే నీకు కలిసొస్తుంది. సాయంత్రం ఊళ్ళోంచి శివారు ఊళ్ళకి వెళ్ళే మెట్రా రైళ్ళు వెంటవెంటనే ఉంటాయి, నేపర్‌విల్ దాకా తక్కువ చోట్ల ఆగేవీ ఉంటాయి. రాత్రి ఆటకి టికెట్లు కొనుంటే తిరుగు రైలు ఎన్నింటికో చూసుకుంటూ కూర్చోవాల్సొచ్చేది. నువ్వు తెలిసి కొన్నావో తెలియక కొన్నావో గానీ, శుక్రవారం పగటి ఆట దొరకడం అదృష్టం. ఆ స్టేడియంలో 1988 దాకా లైట్లే లేవు. ఇప్పటికీ రాత్రి ఆటలు ఇన్నే ఆడాలని సిటీ వాళ్ళ లెక్క ఒకటుంది, చుట్టూ ఉన్నవి ఇళ్ళు కదా.

పార్కింగ్ కష్టమంతా ఆ ఇళ్ళతోనే. రిగ్లీ ఫీల్డ్ కట్టింది 1914లో. జనం నడిచో ట్రాముల్లోనో వచ్చే రోజులవి. ఇవాళ్టికీ అది క్లార్క్, అడిసన్, వేవ్‌లాండ్, షెఫీల్డ్ అనే నాలుగు వీధుల మధ్య ఇరుక్కునే ఉంది. పెద్ద పార్కింగ్ మైదానం కట్టుకోవడానికి చోటేదీ? కార్లోనే వెళ్ళి తీరాలని అంత సరదాగా ఉంటే ఇంకోసారి దక్షిణాన 35వ వీధిలో ఈ ఊరి ఇంకో జట్టు వైట్ సాక్స్ ఆటకి తీసుకెళ్ళు. అక్కడ స్టేడియం చుట్టూ కావలసినంత పార్కింగ్, పక్కనే హైవే. కబ్స్ అభిమానులు వింటే నన్ను తిడతారు, తిట్టనీ. కోటప్పకొండ తిరునాళ్ళకి మీ నాన్న కొండకి ఎంతో దూరంలోనే బండి ఆపేసి, మమ్మల్నందరినీ పొలాల గట్లమ్మట నడిపించుకెళ్ళేవాడు. అప్పుడు అందరం సణిగేవాళ్ళం, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ముందు బయటపడేది మేమే. రిగ్లీకీ అదే లెక్క.

ఇక దారి చెబుతాను. శుక్రవారం పనిరోజు కాబట్టి నేపర్‌విల్ స్టేషన్ దగ్గర ఎక్కడపడితే అక్కడ కారు పెట్టకు. ఎక్కడ పెట్టొచ్చో, డబ్బెలా కట్టాలో బోర్డు చదువుకో. పక్కింటివాళ్ళెవరైనా దింపేస్తామంటే మొహమాటపడకు. మెట్రాలో బీఎన్ఎస్ఎఫ్ లైను రైలు ఎక్కి పదకొండు కల్లా యూనియన్ స్టేషన్‌లో దిగేలా చూసుకో. పొద్దుటి రద్దీ తగ్గాక రైళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి.

యూనియన్ స్టేషన్ నుంచి అందరూ స్టేట్ స్ట్రీట్ దాకా నడిచి, సీటీఏ అనే సిటీ రైళ్ళలో రెడ్ లైన్ ఎక్కమంటారు. నువ్వొక్కడివే అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. మీ నాన్నతో పావుగంట పైన నడక ఎందుకు? ఆడమ్స్ వైపు బయటికొచ్చి వంతెన దాటితే కొద్ది దూరంలోనే వెల్స్ వీధి మీద క్విన్సీ స్టేషన్ ఉంది. 1897 నాటిది, ఆ కాలపు చెక్కపని అలాగే కనబడేలా బాగుచేసి పెట్టారు. మెట్లు చూసి కంగారుపడకండి, లిఫ్ట్ ఉంది. అక్కడ కింబల్ అని రాసున్న బ్రౌన్ లైన్ ఎక్కండి. అది తిన్నగా ఉత్తరానికి పోదు, ముందు లూప్ అంతా, అంటే ఊరి నడిబొడ్డున ఉన్న పట్టాల చుట్టు, ఓసారి తిరిగి, ఆకాశాన్నంటే మేడల మధ్య నుంచి వెళ్ళి, నది దాటుతుంది. మీ అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టు. నగరం చూడ్డానికి వేరే టూరు బస్సెందుకు?

బెల్‌మాంట్‌లో దిగండి. అదే ప్లాట్‌ఫాం మీద ఎదురుగా హోవర్డ్ వెళ్ళే రెడ్ లైన్ వస్తుంది, మెట్లెక్కి దిగే పనిలేదు. అది ఒక్క స్టేషన్ వెళ్తే అడిసన్. లిఫ్ట్‌లో కిందికి దిగి పడమర వైపు చూస్తే స్టేడియం కనబడుతుంది.

అడిసన్ అనే పేరుతో జాగ్రత్త. రెడ్ లైన్ మీద ఒక అడిసన్, బ్రౌన్ లైన్ మీద ఇంకొకటి, బ్లూ లైన్ మీద మరొకటి. మూడూ ఒకే వీధి మీద, కానీ వేరే వేరే చోట్ల. నీకు కావలసింది రెడ్. బ్రౌన్ లైన్‌లో "ఎలాగూ అడిసన్ వస్తుందిగా" అని కూర్చుండిపోతే చాలా పడమటికి వెళ్ళి దిగుతావు. ఇది చాలదన్నట్టు మీ వైపు డ్యూపేజ్ కౌంటీలో అడిసన్ అని ఏకంగా ఒక ఊరే ఉంది. మాకు తెలిసినాయనొకడు ఫోన్లో ఉత్త అడిసన్ అని కొట్టి, ఆట మొదలయ్యే వేళకి ఆ ఊళ్ళో పెట్రోల్ బంకు దగ్గర నిలబడి మాకు ఫోన్ చేశాడు. కొట్టాల్సొస్తే పూర్తిగా 1060 వెస్ట్ అడిసన్ స్ట్రీట్ అని కొట్టు. మా షామ్‌బర్గ్ వాళ్ళం రోజ్‌మాంట్‌లోనో కంబర్లండ్‌లోనో కారు పెట్టేసి, బ్లూ లైన్‌లో అడిసన్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి తూర్పుకి 152 నంబరు బస్సు ఎక్కుతాం. అది మా దారి, నువ్వు దాని జోలికి పోకు.

సీటీఏ ఛార్జీకి కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు. నలుగురికీ ఒకే కార్డు తాకించుకోవచ్చు, మనిషి మనిషికీ తాకించాలి అంతే. మెట్రా టికెట్ వేరు, అది ముందే కొనుక్కో.

తిరుగు ప్రయాణం. ఆట అవగానే అడిసన్ స్టేషన్ మెట్ల కింద జనం వీధిలోకి పొంగుతారు. ఆ తోపులాటలోకి దిగొద్దు. తెలిసినవాళ్ళు ఉత్తరానికి షెరిడాన్ దాకా నడిచి, రైలు నిండకముందే ఎక్కి సీట్లు పట్టేస్తారు. ఉపాయం మంచిదే గానీ అక్కడ లిఫ్ట్ లేదు, మీ నాన్నకి పనికిరాదు. మీరు అరగంట సీట్లలోనే కూర్చోండి. కబ్స్ గెలిస్తే స్కోర్‌బోర్డు పైన తెల్ల జెండా ఎగరేస్తారు, నీలం రంగు డబ్ల్యూ అక్షరంతో. ఓడితే నీలం జెండా, తెల్ల ఎల్. ఫొటోలు తీసుకోండి. జనం పలచబడ్డాక షెఫీల్డ్ వీధి పట్టుకుని దక్షిణానికి తిన్నగా నడవండి, అర మైలులో బెల్‌మాంట్ స్టేషన్ ఎదురొస్తుంది. నేల చదును, దారంతా చెట్లు, దుకాణాలు, ఎక్కడైనా ఆగి కాఫీ తాగొచ్చు. అక్కడ లూప్ వైపు బ్రౌన్ లైన్ ఎక్కితే ఈసారి చుట్టు తిరగదు, నది దాటగానే వాషింగ్టన్, తర్వాత క్విన్సీ.

ఇంత చెప్పినా వినకుండా కారు తీస్తావేమోనని ఇదీ రాస్తున్నాను. ఆట ఉన్న రోజు ప్రతి సందు మొదట్లో ఎవరో ఒకరు మడతకుర్చీ వేసుకుని, అట్టముక్క మీద ధర రాసి ఊపుతుంటారు. ఆపేముందు ఒక్క ప్రశ్న అడుగు: నా వెనక ఇంకో కారు పెడతారా? పెడతామంటే ముందుకి సాగిపో. లేకపోతే వెనకాయన ఎక్కడో బీరు తాగి తీరుబడిగా వచ్చేదాకా నీ కారు కదలదు. వెనక ఎవరూ అడ్డం పెట్టని చోటుని "ఈజీ అవుట్" అంటారు, నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే తీసుకో. ఇంకా నయం, యాప్‌లో ముందే కొనుక్కుని సౌత్‌పోర్ట్ వీధి అవతలెక్కడో పెట్టుకోవడం. కబ్స్‌కి పాత ప్రత్యర్థులైన కార్డినల్స్ జట్టుతో ఆటయితే ధర వేరుగా ఉంటుంది, బేరాలాడకు.

వీధిలో ఉచితంగా చోటు కనబడిందంటే, ఎందుకు ఖాళీగా ఉందో ముందు ఆలోచించు. ఆ స్తంభం మీద ఉన్న బోర్డులన్నీ పైనుంచి కింద దాకా చదువు. ఒకటి ఆ వీధివాళ్ళ పర్మిట్ గురించి, ఒకటి రాత్రి ఆటల గురించి, వాటి కింద చెట్టుకి కట్టిన నారింజ రంగు కాగితం వీధులు ఊడ్చే రోజు గురించి. ఆ కాగితాన్నే ఎవరూ చూడరు. నీళ్ళ హైడ్రెంట్‌కి పదిహేను అడుగుల ఎడం ఉండాలి. కారు లాక్కెళ్ళిపోతే జరిమానా ఒకెత్తు, అది ఎక్కడుందో వెతుక్కుంటూ అమ్మా నాన్నల్ని వెంటేసుకుని తిరగడం ఒకెత్తు.

ఆట అయ్యాక ఊబర్ పిలుస్తానంటావేమో. క్లార్క్, అడిసన్‌ల మీద పోలీసులు వాహనాలు ఆపేస్తారు, ధర కూడా ఆకాశంలో ఉంటుంది. పిలవాలంటే ముందు కొంత దూరం నడవాల్సిందే. ఆ నడకేదో బెల్‌మాంట్ వైపే నడువు.

టికెట్లన్నీ ఫోన్లోనే కాబట్టి నలుగురివీ నీ ఒక్క ఫోన్లో పెట్టుకోకు. నువ్వు వెనకబడితే వాళ్ళు గేటు బయటే ఉండిపోతారు. మీ ఆవిడ ఫోన్‌కి సగం పంపు. మీ నాన్నది ఇండియా సిమ్ము, జనంలో తప్పిపోతే మాట్లాడటం కష్టం. లోపలికి వెళ్ళేముందే స్టేడియం పక్కన గాలఘర్ వే అనే ఆవరణలో కబ్స్ పాత ఆటగాడు ఎర్నీ బ్యాంక్స్ విగ్రహం చూపించి, తప్పిపోతే అక్కడే నిలబడమను. లోపల అన్నీ కార్డు మీదే, నోట్లు తీసుకోరు. మేలో నేపర్‌విల్‌లో ఎండ కాస్తోందని చొక్కాలతో బయల్దేరకండి. సరస్సు గాలి తిరిగితే నీడలో ఉన్న సీట్లు వణికిస్తాయి, మీ అమ్మకి స్వెటర్ పెట్టు.

గురువారం రాత్రి పడుకునేముందు మెట్రా, సీటీఏ రెండింట్లోనూ ఏ స్టేషన్లో లిఫ్ట్ పనిచెయ్యడం లేదో చూసుకో, రాసి పెడతారు. బెల్‌మాంట్‌లో చెడితే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫరవాలేదు, దారి మార్చి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న