ఒక్క లైబ్రరీ పట్టుకుని నెల రోజులు

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర ఊరు. ఎరువుల దుకాణం నడుపుతాను, కొంత భూమి కూడా ఉంది. మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. స్నేహితులందరూ అమీర్‌పేటలో ఏఐ కోర్సుల్లో చేరుతుంటే, వీడు నెల రోజులుగా 'జేసన్ పాయింటర్' అనే ఏదో లైబ్రరీ పట్టుకుని కూర్చున్నాడు. అడిగితే 'డాక్యుమెంటు లోపల ఒక విలువ ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం' అంటున్నాడు. వేలు పెట్టి చూపిస్తే ఉద్యోగం ఇస్తారా? కోర్సులో చేరమని గట్టిగా చెప్పమంటారా?

జవాబు: మీ భయంలో సగం నిజముంది. ఆ లైబ్రరీ, అంటే ఇతరులు రాసి పెట్టిన ప్రోగ్రాము కట్ట, వాడటం నేర్చుకోవడానికి నెల అక్కర్లేదు, ఒక పూట చాలు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇన్‌స్టాల్ చేసుకుని, డాక్యుమెంటునూ దారినీ ఇస్తే విలువ తెచ్చి చేతిలో పెడుతుంది. కాబట్టి ఈ నెలంతా అతను ఏం చేశాడన్నది తేలాలి. అది తేల్చుకోవడానికి మీకు కంప్యూటర్ రానక్కర్లేదు. మీ పాసుపుస్తకం తెలిస్తే చాలు.

జేసన్ అంటే పేరు, విలువ జంటలుగా, ఒకదాని లోపల ఒకటి పొదిగి సమాచారం రాసే పద్ధతి. జీఎస్టీ రిటర్ను కోసం మీ అకౌంటెంటు ఆఫ్‌లైన్ టూల్‌లో తయారు చేసి పోర్టల్‌లోకి ఎక్కించేది కూడా జేసన్ ఫైలే. మీ భూమి వివరాలు అలా రాశారనుకోండి. 'భూములు' అనే పేరు కింద సర్వే నంబరు, దాని కింద 'విస్తీర్ణం'. విస్తీర్ణం ఒక్కటే కావాలంటే ప్రోగ్రాముకు దారి చెప్పాలి: /భూములు/45/విస్తీర్ణం. జిల్లా, మండలం, ఊరు వరసగా చెప్పి ఇంటికి చేర్చినట్టే. ఈ దారి ఎలా రాయాలో 2013 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6901 అనే ప్రమాణ పత్రం నిర్ణయించింది. పట్టుమని పది పేజీలు కూడా ఉండదు.

అయితే అన్నదమ్ముల పంపకాలయ్యాక మన సర్వే నంబర్లు వట్టి 45గా ఉండవు, 45/అ, 45/ఆ అవుతాయి. దారిలో ఆ ఏటవాలు గీతకు (/) 'లోపలికి వెళ్లు' అని అర్థం. 45/అ అని ఉన్నదున్నట్టు రాస్తే ప్రోగ్రాము ముందు 45 కోసం, దాని లోపల 'అ' కోసం వెతుకుతుంది. అక్కడ అలాంటివేవీ ఉండవు. అందుకని పేరులోనే ఉన్న గీతను ~1 అని రాయాలి: /భూములు/45~1అ/విస్తీర్ణం. మరి పేరులో ~ గుర్తే ఉంటే? దాన్ని ~0 అని రాయాలి. చదివేటప్పుడు ముందు ~1ని గీతగా మార్చి, ఆ తర్వాతే ~0 జోలికి వెళ్లాలి. వరస తిరగబడితే ~01 అని ఉన్నది ~1 కావాల్సింది పోయి గీత అయి కూర్చుంటుంది. ఇంత చిన్న విషయమే. కానీ దీన్ని తనంతట తానుగా పట్టుకున్న కుర్రాడికీ, చదివి తల ఊపిన కుర్రాడికీ తేడా ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

ఆదివారం ఫోను చేసినప్పుడు '45/అ అని ఉంటే ఎలా రాస్తావురా' అని అడగండి. ఆ తర్వాత ఇంకోటి కూడా అడగండి. పహాణీలో పంట గడి ఖాళీగా ఉండటం వేరు, అసలు ఆ గడే లేకపోవడం వేరు. ఆ తేడాను నీ ప్రోగ్రాము ఎలా కనిపెడుతుంది? పైథాన్ లైబ్రరీ, దారి దొరకకపోతే మామూలుగా ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చికాకు ఎందుకని చాలామంది 'దొరకకపోతే నన్ (None, అంటే ఏమీ లేదు) ఇవ్వు' అని ముందే చెప్పి ఉంచుతారు. జేసన్‌లో ఖాళీ విలువ కూడా పైథాన్‌లోకి నన్‌గానే వస్తుంది. ఇక ఖాళీ గడీ, లేని గడీ ఒకేలా కనిపిస్తాయి. జావా అనే మరో భాషలో వాడే జాక్సన్ లైబ్రరీ అయితే 'ఇది అసలు లేదు' అని చెప్పడానికే వేరే వస్తువును తిరిగి ఇస్తుంది. ఈ రెండింటినీ పోల్చి చూశాడా? చూసి ఉంటే నెల వృథా కాలేదు.

నాకు ఇంతకంటే ఆసక్తిగా ఉన్నది మరొకటి. మన దగ్గర 1.20 అంటే ఎకరా ఇరవై గుంటలు. దాన్ని ఎవరైనా అంకెగా నమోదు చేస్తే కంప్యూటర్ చివరి సున్నా తీసేసి 1.2 అంటుంది. చూసినవాళ్లు ఎకరా రెండు గుంటలు అనుకోవచ్చు, దశాంశంగా లెక్కగట్టి ఎకరా ఎనిమిది గుంటలు అనుకోవచ్చు. రెండూ తప్పే. పాయింటర్ చూపించిన చోటు మాత్రం సరైనదే! నలభై గుంటలు ఎకరమని ఇంట్లో వింటూ పెరిగిన కుర్రాడికి ఇది చటుక్కున తట్టాలి. ఆ తట్టడాన్ని ఏ కోర్సులోనూ అమ్మరు.

ఇక ఉద్యోగం సంగతి. ఈ ఒక్క లైబ్రరీ తెలుసని ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కానీ ఏపీఐలు, అంటే ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముతో మాట్లాడే ద్వారాలు, రాసేవాళ్లకు, వాటిని పరీక్షించేవాళ్లకు, రెండు సిస్టమ్‌లను కలిపేవాళ్లకు ఇది రోజువారీ పని. ఏపీఐల వివరణ రాసే ఓపెన్ఏపీఐ పత్రాల్లో ఒక భాగం నుంచి మరో భాగాన్ని చూపించేది ఈ దారులతోనే. పెద్ద డాక్యుమెంటులో ఒక్క విలువ మార్చడానికి వాడే జేసన్ ప్యాచ్ కూడా దీని మీదే నడుస్తుంది. మీరు చెబుతున్న ఏఐ పనుల్లోనూ మోడల్ ఇచ్చిన జవాబును జేసన్‌గా తీసుకుని, అందులోంచి కావలసింది ఏరుకోవడం మామూలు విషయం. అంటే మీవాడు తోవ తప్పలేదు, తోవలో ఒకచోట ఎక్కువసేపు ఆగాడు.

కిందటేడు ఒక కాలేజీలో నమూనా ఇంటర్వ్యూలకు కూర్చున్నాను. ఒకమ్మాయి రెజ్యూమేలో పదకొండు లైబ్రరీల పేర్లున్నాయి. '/పంటలు/0 అని రాశావు, రేపు జాబితా మొదట్లో కొత్త పంట చేరిస్తే ఏమవుతుంది?' అని అడిగాను. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని చెప్పగలిగింది. ఆ దారి గుర్తుపెట్టుకునేది ఫలానా పంటను కాదనీ, మొదటి స్థానాన్ననీ చెప్పలేకపోయింది. తెలివైన పిల్లే. పదకొండింటికీ సమయం పంచితే ఒక్కోదానికి మిగిలింది అంతే.

మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి: ఇంకో రెండు వారాలు తీసుకుని దీన్ని ముగించాలి. భూమి రికార్డులాంటి ఒక ఊహా డాక్యుమెంటు తయారు చేసుకుని, పైన చెప్పిన చిక్కులన్నిటికీ ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టులు రాసి, ప్రోగ్రాములు అందరికీ కనిపించేలా ఉంచే గిట్‌హబ్ సైట్‌లో పెట్టాలి. నిజమైన రైతుల పేర్లు, నంబర్లు అందులో ఉండకూడదు. పక్కనే జేసన్‌పాత్ కూడా చూడమనండి. పాయింటర్ ఒక్క చోటునే చూపిస్తుంది, జేసన్‌పాత్ షరతు పెట్టి చాలా వాటిని ఒకేసారి ఏరుతుంది. 2007 నుంచి వాడుకలో ఉన్నా, దానికి ఆర్‌ఎఫ్‌సీ 9535గా ప్రమాణం వచ్చింది 2024 ఫిబ్రవరిలోనే. అందుకే పాత లైబ్రరీలు ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తాయి. ఆ తేడాలు పట్టుకోవడం మంచి సాధన. అది అయ్యాక నేరుగా, డేటాబేస్‌లోంచి సమాచారం అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్‌కు వెళ్లాలి. మూడో సంవత్సరంలో అది రాకపోతే మాత్రం నేనూ మీ పక్షమే.

రెజ్యూమేలో 'జేసన్ పాయింటర్ వచ్చు' అని రాయొద్దనండి. 'ఆర్‌ఎఫ్‌సీ 6901 చదివి, రెండు లైబ్రరీలు లేని విలువనూ ఖాళీ విలువనూ ఎలా చూస్తాయో పోల్చి టెస్టులు రాశాను' అని రాస్తే, ఎదుటివాళ్లు అడగబోయే మొదటి ప్రశ్న తానే ఎంచుకున్నట్టు.

కోర్సు ఫీజు నిర్ణయం ఆదివారం ఫోను దాకా ఆపండి. 45~1అ గురించి మొదలుపెట్టి మీరు ఆపమనేదాకా చెబుతూనే ఉంటే, ఆ డబ్బు ఈ సెమిస్టరుకు దాచేయండి. 'నీకు అర్థం కాదులే నాన్నా' అని మాట దాటేస్తే, ఆ నెల లెక్క ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చూసుకోవాల్సిందే.