వాతావరణం మారుతుంటే ఒక ఊరు తనంతట తాను ఏం చేసుకోగలదు?

వాతావరణ మార్పు అన్నది దేశాలు తేల్చుకోవలసిన వ్యవహారం కదా, శ్రీకాకుళం జిల్లాలోని ఒక మామూలు పంచాయతీ చేయగలిగినది ఏముంటుందని మీరు అడిగారు. ఆ జిల్లా తీరంలో తోటలకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోట మీద బతికిన కుటుంబం మాది. తిత్లీ తుఫాను తరువాత మా ఊరు కోలుకోవడానికి పడిన పాట్లు చూసినవాడిగా చెబుతున్నాను: చేయగలిగినది చాలా ఉంది, అయితే అందులో ఎక్కువ భాగం తుఫాను వచ్చే రోజున కాక, దానికి ముందూ వెనకా ఉన్న నెలల్లో చేయవలసిన పని.

ప్రాణాలు కాపాడుకోవడంలో మన ప్రాంతం బాగానే మెరుగుపడింది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ వచ్చాయి. ఇప్పుడు హెచ్చరికలు ముందే అందుతున్నాయి, వేటకు వెళ్ళినవారిని వెనక్కి పిలుస్తున్నారు, పల్లపు ప్రాంతాల వారిని షెల్టర్లకు తరలిస్తున్నారు. తోటను మాత్రం ఎవరూ తరలించలేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరి, జీడిమామిడి వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఆరేడేళ్ళు ఇల్లు ఎలా గడుస్తుందన్నదే మా అందరి ముందు నిలిచిన ప్రశ్న. దానికి జవాబు దొరకని కుటుంబాలు హైదరాబాదుకో చెన్నైకో వలస వెళ్ళిపోయాయి.

అందువల్ల నేను మొదట చెప్పేది ఆదాయాన్ని ఒకే చెట్టు మీద నిలపవద్దని. తోటను ఒకేసారి కాక విడతలుగా వేసుకుంటే లేత చెట్లు, ముదురు చెట్లు కలిసి ఉంటాయి. నడుమ అరటి, కంద, పసుపు, అనాస వంటివి ఉంటే తుఫాను మరుసటి ఏడాదే చేతికి ఎంతో కొంత డబ్బు అందుతుంది. ఊరి సొంత నారుమడి ఒకటి ఉండడం కూడా ఎంతో అవసరం, ఎందుకంటే పెద్ద తుఫాను తరువాత అందరికీ ఒకేసారి మొక్కలు కావలసి వస్తాయి.

రెండవది నీటి దారి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది, కాబట్టి వాన కురిస్తే కుండపోతగా కురుస్తుంది, ఆపైన చాలా రోజులు మొహం చాటేస్తుంది. ఈ రెండు కష్టాలకూ మందు ఒకటే, అది మన తాతలు తవ్విన చెరువే. కానీ చెరువు ఒక్కదానిని తవ్వించి ఊరుకుంటే ప్రయోజనం ఉండదు: పైనుంచి నీరు తెచ్చే గెడ్డ ఆక్రమణలతో కుంచించుకుపోయి, మదుము (తూము) తలుపు తుప్పు పట్టి, మిగులు నీరు పోవలసిన చోట ఇళ్ళు లేచిన ఊళ్ళలో ఎంత పూడిక తీసినా వరద ఊరి మీదికే వస్తుంది. మా దగ్గర ఉపాధి పనుల్లో పూడిక తీసిన చెరువుల్లో, గెడ్డ కూడా బాగుచేసుకున్నవే నిండాయి. బీలలను, తంపర భూములను, అంటే నీరు నిలిచే పల్లపు చిత్తడి నేలలను, పనికిరానివిగా చూసి పూడ్చనివ్వకండి. వరదను ఆపుకొని, వేసవిలో చుట్టుపక్కల నూతులకు ఊట ఇచ్చేవి అవే. తీరంలోని ఇసుక దిబ్బల మీద మొగలి పొదలు, తాటిచెట్లు ఉంటే వాటినీ అలాగే కాపాడుకోవాలి.

వరి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. స్వర్ణ సబ్-1 వంటి రకాలు రెండు వారాల వరకు ముంపును తట్టుకుంటాయన్నది నిజమే, కానీ అది పైరు పిలకల దశలో ఉన్నప్పటి మాట. మన తుఫానులు ఎక్కువగా అక్టోబరులో, పైరు పొట్ట మీదో పాలు పోసుకుంటూనో ఉన్నప్పుడు వస్తాయి. అప్పుడు కాపాడేది పడిపోని కాండమూ, నీరు త్వరగా తీసిపోయే మురుగు కాలువలూను. మెట్ట పొలాల్లో చోడి (రాగి), గంటె (సజ్జ) మళ్ళీ వేయడం కూడా ఆలోచించదగినది. విజయనగరం వైపు ఇప్పటికీ వీటిని పండించే రైతులు ఉన్నారు, వానలు ఆలస్యమైన ఏడాది వరి కంటే ఇవే నమ్మకం.

ఇక ఊరి ప్రణాళిక వేసేటప్పుడు ఊళ్ళో నిజంగా ఎవరు ఉంటారో లెక్క చూసుకోండి. మన పల్లెల్లో వయసులో ఉన్న మగవాళ్ళు చాలామంది వలసలో ఉంటారు. మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. అందుచేత డ్వాక్రా సంఘాలను ముందు పెట్టకుండా వేసిన ప్రణాళిక కాగితం మీదే ఉండిపోతుంది. ఏ ఇంట్లో మంచాన పడ్డవారున్నారో, ఎవరికి నెలలు నిండాయో, డయాలసిస్‌కు వెళ్ళేవారు ఎవరో ఆ అక్కచెల్లెళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కరెంటు పోతే మోటార్లు ఆగి తాగునీరు ఆగిపోతుంది, తిత్లీ తరువాత మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. చేతి బోరింగులను వర్షాకాలానికి ముందే బాగుచేయించి, ట్యాంకు నింపడానికి జనరేటరు ఎక్కడినుంచి వస్తుందో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

చివరగా కాగితాల సంగతి. పంట పోయినప్పుడు, ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో పేరు లేని కౌలు రైతుకు పరిహారం అందడం చాలా కష్టం. తోటలో ఎన్ని చెట్లు ఉండేవో కూలిపోయిన తరువాత నిరూపించడం ఇంకా కష్టం. కాబట్టి కౌలు కార్డులు, పంట నమోదు, తోటల ఫొటోలు, చెట్ల లెక్క అన్నీ గ్రామసభలో అందరి ఎదుట చదివించి, ఒక ప్రతిని ఊరి బయట ఉన్న బంధువుల ఫోనులో కూడా ఉంచండి. ఇది సెప్టెంబరులోగా పూర్తి కావాలి, అక్టోబరు వచ్చాక దీనికి తీరిక దొరకదు.