ఒకే రాతిలో రెండు ప్రాణులు

ప్రశ్న: చాలాకాలంగా శిలాజాలు సేకరిస్తున్నాను. జాతికొక నమూనా చొప్పున పెట్టెలు నింపడం విసుగనిపించి, ఈమధ్య వేర్వేరు జాతులు ఒకే రాతిలో ఉన్నవాటి మీద దృష్టి పెట్టాను. వాటిలో డెవోనియన్ కాలపు (సుమారు 42–36 కోట్ల ఏళ్ల కిందటి) బ్రాకియోపాడ్, అంటే రెండు చిప్పల సముద్ర ప్రాణి, ఒకటి ఉంది. దాని చిప్ప మీద సన్నని గొట్టాలు, వలలాంటి పలుచని పొర అంటుకొని ఉన్నాయి. వాటిని గీకేస్తే చిప్ప మీది గీతలు స్పష్టంగా కనిపిస్తాయని ఒక మిత్రుడు అంటున్నాడు. గీకవచ్చా?

జవాబు: దయచేసి గీకకండి. మీరు దేన్ని వెతుకుతున్నారో సరిగ్గా దాన్నే తీసివేయమని మీ మిత్రుడు చెబుతున్నాడు. ఆ గొట్టాలు కార్నులైటిస్ అనే అంతరించిన ప్రాణివి కావచ్చు, ఆలోపోరా అనే పగడం కావచ్చు. వలలాంటి పొర బ్రయోజోవాన్ల (గుంపుగా పెరిగే అతి చిన్న నీటి ప్రాణుల) కాలనీ అయ్యే అవకాశం ఎక్కువ. మెత్తటి బురద నేల మీద గట్టి ఆధారం దొరకని ప్రాణులకు చిప్పే ఇల్లు.

భూతద్దంతో చూడవలసినది రెండు చిప్పలు కలిసే అంచు. అంటుకున్న ప్రాణి ఆ అంచు దాకా పెరిగి అక్కడ ఆగిపోతే, బ్రాకియోపాడ్ అప్పటికి బతికే ఉండి, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేదని అనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. అంచును దాటి రెండో చిప్ప మీదికి పాకినా, చిప్ప లోపలి వైపు పెరిగినా, ఆ భాగం బ్రాకియోపాడ్ చనిపోయిన తరువాత పెరిగినదే. గొట్టాల నోళ్లన్నీ అంచు వైపే తిరిగి ఉంటే మరీ మంచిది. బ్రాకియోపాడ్ ఆహారం కోసం లోపలికి లాగే నీటి ప్రవాహంలో అవీ వాటా తీసుకున్నాయన్నమాట. గీకిన చిప్ప ఈ కథలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, క్రాఫర్డ్స్‌విల్ దగ్గర దొరికే సుమారు 34 కోట్ల ఏళ్ల నాటి క్రైనాయిడ్లలో కనిపిస్తుంది. సముద్రపు లిల్లీలు అని పిలిచే ఈ జీవుల మలద్వారం మీద ప్లాటిసెరాస్ అనే నత్త కూర్చుని ఉంటుంది. నత్త గుల్ల అంచు క్రైనాయిడ్ శరీరపు ఎత్తుపల్లాలకు అచ్చుపోసినట్టు సరిపోతుంది కాబట్టి, అది ఒకనాడు యాదృచ్ఛికంగా వచ్చి వాలినది కాదని, అక్కడే ఎదిగిందని తెలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఒకే పలక మీద అయిదారు జాతులు కనిపించినంత మాత్రాన అవి కలిసి బతికాయని కాదు. సముద్రపు అడుగున చిప్పలు వందల, ఒక్కోసారి వేల ఏళ్లపాటు పోగుపడుతూ ఉంటాయి. తుఫాను వచ్చి వాటిని కలగలిపి ఒకే పొరలో పరుస్తుంది. అలాంటి పలకలు చూడముచ్చటగా ఉంటాయి, నేనూ ఇష్టపడతాను, కానీ అవి ఇరుగుపొరుగుల ఇళ్లు కావు, శ్మశానాలు.

ప్రశ్న: పెద్ద చేప నోట్లో చిన్న చేప ఉన్న పలకలు అమ్మకానికి కనిపిస్తున్నాయి. ఇవి నిజమైనవేనా?

జవాబు: నిజమైనవీ ఉన్నాయి. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రపు గ్రీన్ రివర్ రాతి పొరల్లో, సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి డిప్లోమిస్టస్ అనే చేప నోట్లో మరో చేప ఇరుక్కున్న నమూనాలు దొరికాయి. అక్కడి కాన్సాస్ రాష్ట్రంలో శిలాజాల సేకర్త జార్జ్ స్టెర్న్‌బర్గ్ 1952లో వెలికితీసిన 14 అడుగుల జిఫాక్టినస్ చేప కడుపులో దాదాపు 6 అడుగుల గిల్లికస్ చేప చెక్కుచెదరకుండా ఉంది. అయితే గిరాకీ ఉన్నచోట చేతివాటం కూడా ఉంటుంది. 1999లో ప్రపంచమంతా చూసిన ఆర్కియోరాప్టర్ అనే శిలాజం ఒక పక్షి శరీరానికి చిన్న డైనోసార్ తోకను అతికించి చేసినదని తేలింది. రెండు జాతులను ఒకే జంతువుగా నమ్మించినవారికి రెండు జంతువులను పక్కపక్కన చేర్చడం పెద్ద పని కాదు.

అందుకని రెండు జీవులూ తాకే చోటునే చూడండి. లోపలి చేప ఎముకలు బయటి చేప దవడల మధ్యనుంచి, పక్కటెముకల కిందుగా వెళ్లాలి. పైన పెట్టినట్టు కనిపిస్తే అనుమానించండి. రాతి రంగు, రేణువుల పరిమాణం, పొరల గీతలు ఒక జీవి నుంచి మరొక జీవి దాకా తెగకుండా సాగాలి. అతినీలలోహిత దీపం కింద జిగురు, కొత్తగా పూసిన రంగు తరచుగా రాతికి భిన్నంగా మెరుస్తాయి, కానీ విరిగిన పలకను నిజాయితీగా అతికించినా జిగురు ఉంటుంది కదా. జిగురు ఎక్కడ ఉందన్నదే ప్రశ్న. శుభ్రం చేయకముందు తీసిన ఫోటోలు చూపించమని అడగండి.

అంబర్‌లో, అంటే గట్టిపడి శిలాజమైన చెట్టు బంకలో, కలిసి చిక్కుకున్న పురుగుల విషయంలో ఇంకో మెలిక ఉంది. చెట్టు బంక ఒక్కసారిగా కాక పొరలు పొరలుగా కారుతుంది. రెండు పురుగుల మధ్య అలాంటి పొర గీత కనిపిస్తే అవి ఒకే క్షణంలో చిక్కినవి కావు. ఒకే ధారలో, ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నవే కలిసి చిక్కుకున్నట్టు లెక్క.

ప్రశ్న: ఇలాంటి నమూనాకు చీటీ మీద ఏ జాతి పేరు రాయాలి?

జవాబు: రెండు పేర్లూ రాయండి, నమూనా సంఖ్య మాత్రం ఒకటే ఉండాలి. మధ్యలో ఉన్న సంబంధాన్ని మీరు చూసినంతవరకే చెప్పండి: 'మీద అంటుకొని ఉంది', 'కడుపులో ఉంది', 'ఒకే పొరలో ఉంది'. పరాన్నజీవి, శత్రువు లాంటి మాటలు మీ ఊహ కాబట్టి వాటిని వేరే వరుసలో పెట్టడం మేలు. దొరికిన చోటు, పొర, తేదీ, రాయి ఏ వైపు పైకి ఉండేదో కూడా రాయాలి.

ప్రధానమైన జీవి ఏదో ముందే నిర్ణయించుకుంటే రెండోది కంటికి ఆనదు. గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో దొరికిన, సుమారు 6.7 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ గూడే అందుకు సాక్ష్యం. శాస్త్రవేత్త ధనంజయ్ మొహబే 1987లో దాన్ని వర్ణించినప్పుడు అందులోని ఎముకలన్నీ పిల్ల డైనోసార్‌వే అనుకున్నారు. 2001లో మరో శాస్త్రవేత్త జెఫ్రీ విల్సన్ పరిశీలించినప్పుడు వాటిలో పాము వెన్నుపూసలు కనిపించాయి. పగిలిన గుడ్డు చుట్టూ చుట్టుకొని ఉన్న ఆ మూడున్నర మీటర్ల పాముకు 2010లో సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. ఆ రాతిని ముక్కలు చేసి ఎముకలను విడివిడిగా దాచి ఉంటే, పాము గుడ్డును చుట్టుకున్న సంగతి మనకు తెలిసేది కాదు.