ఫైబర్ కేబుల్ కలిపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇకపై నెట్‌వర్క్ స్విచ్‌లకు, కాంతితో డేటా మోసే ఫైబర్ కేబుళ్లు నువ్వే కలపబోతున్నావని తెలిసి, ఈ పనిలో నేను పాటించే జాగ్రత్తలు కొన్ని రాస్తున్నాను.

వెలుతురు వస్తోందో లేదో చూద్దామని కేబుల్ చివరను ఎన్నడూ కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు. ఇందులో నడిచే 1310, 1550 నానోమీటర్ల లేజర్ కాంతి మన కంటికి కనిపించదు గనుక, చీకటిగా ఉన్నంత మాత్రాన లేజర్ ఆగిపోయిందని నమ్మడానికి లేదు. కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటర్‌తోనే తేల్చుకోవాలి. కేబుల్ చివరను మైక్రోస్కోప్‌తో చూడబోయే ముందు రెండో చివర ఏ పరికరానికీ తగిలించి లేదని నువ్వే వెళ్లి చూసుకో.

ఇక శుభ్రత. దూరాలకు వాడే సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 9 మైక్రాన్లే, కాబట్టి కంటికి ఆనని దుమ్ము రేణువు కూడా దానికి అడ్డుగోడ అవుతుంది. ఒకసారి ప్యాకెట్‌లోంచి అప్పుడే తీసిన ప్యాచ్ కార్డు (రెండు చివరలా కనెక్టర్లున్న పొట్టి కేబుల్) గదా అని తుడవకుండా తగిలించాను. లింకు వస్తూ పోతూ ఉంటే, స్విచ్‌లో కాంతిని పంపి అందుకునే మాడ్యూల్ మార్చాను, పోర్టు మార్చాను, చివరికి మైక్రోస్కోప్‌లో చూస్తే గాజు ముఖం మీద జిడ్డు మరక కనిపించింది. కనెక్టర్ మూత లోపలి మురికే దానికి అంటుకుంటుందని ఆ రోజు వరకు నాకు తట్టలేదు, పైగా ఆ మరక మాడ్యూల్ లోపలికీ పాకింది. అందుకే ముందు క్లీనర్ పెన్నుతో పొడిగా తుడిచి చూడు, మరక పోకపోతే నూగు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది తుడిచి, వెంటనే పొడిగా మళ్లీ తుడువు. నోటితో మాత్రం ఊదవద్దు, తేమ పడుతుంది.

ఆకుపచ్చ కనెక్టర్ ముఖం 8 డిగ్రీల వాలుగా ఉంటుంది, దాన్ని నీలిరంగు దానికి కలపకూడదు. ఒక వైపు టీఎక్స్ (కాంతిని పంపేది) అవతలి వైపు ఆర్‌ఎక్స్‌కు (అందుకునేదానికి) చేరిందా అని చూడు, కనెక్టర్‌ను తోసినప్పుడు టక్కుమన్న శబ్దం వినిపించాలి. 80 కిలోమీటర్ల దూరం పంపే మాడ్యూళ్లను చిన్న ప్యాచ్ కార్డుతో కలిపి పరీక్షించాలన్న ఆత్రం కలిగితే, మధ్యలో కాంతి బలాన్ని తగ్గించే అటెన్యుయేటర్ లేనిదే ఆ పనికి పూనుకోవద్దు, రిసీవర్ దెబ్బతినవచ్చు.

మిగిలిన కేబుల్‌ను చుట్టేటప్పుడు, మామూలు సింగిల్ మోడ్ అయితే, చుట్ట వ్యాసార్ధం 30 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకు. ఖాళీ పోర్టులన్నిటికీ మూతలు పెట్టాకే ర్యాక్ తలుపు వెయ్యి.

ఇట్లు,
పెదనాన్న