ఉచిత ప్లగిన్‌ను ప్రీమియం పేరుతో అమ్మితే కేసవుతుందా?

ప్రశ్న: విజయవాడలో ముగ్గురం కలిసి చిన్న క్లినిక్కులకు, ల్యాబులకు వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాం. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ఉచితంగా దొరికే ఒక అపాయింట్‌మెంట్ ప్లగిన్ (సైటుకు అదనపు సదుపాయం కలిపే ప్రోగ్రాం) తీసుకుని, మెనూలు తెలుగులోకి మార్చి, రసీదు వాట్సాప్‌కు వెళ్లేలా కొంత కోడ్ కలిపాం. దాన్ని మా సంస్థ పేరుతో ‘ప్రీమియం యాడ్-ఆన్’ అని ఏడాదికి రూ.2,499కు అమ్ముతున్నాం. 40 మంది కొన్నారు. లైసెన్స్ కీ పెట్టాం. ఒక సైటుకు మించి వాడకూడదని, ఇంకెవరికీ ఇవ్వకూడదని బిల్లు మీద వేశాం. ఫైళ్లలో పాత పేర్లు తీసేశాం. వారం కింద అసలు ప్లగిన్ రాసినాయన జీపీఎల్ (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్) ఉల్లంఘించారంటూ విదేశం నుంచి ఈమెయిల్ పంపారు. జీపీఎల్ కాబట్టి ఎవరైనా అమ్ముకోవచ్చని ఒక మిత్రుడు, జైలుకు పోతారని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? మేం చేసింది అన్యాయమా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. అమ్ముకోవచ్చన్నది నిజమే. మీరు అమ్మిన తీరు మాత్రం చట్టానికి చిక్కేలా ఉంది.

ముందు ధర సంగతి. జీపీఎల్ కింద ఉన్న సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఈ లైసెన్స్ వెనకున్న రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమాక్స్ ప్రోగ్రాం టేపును 150 డాలర్లకు అమ్మారు. జీపీఎల్ 3వ వెర్షన్ 4వ సెక్షన్‌లో ప్రతి కాపీకి ఎంత ధరైనా పెట్టుకోవచ్చని రాసే ఉంది. 2022లో మైక్రోసాఫ్ట్ తన యాప్ స్టోర్‌లో, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను అమ్మి లాభం చేసుకోరాదని నిబంధన తేబోతే, మొదట అభ్యంతరం చెప్పింది ఓపెన్ సోర్స్ వాళ్లే. తమ సాఫ్ట్‌వేర్‌ను అక్కడ తామే అమ్ముకుంటున్నారు మరి. ఆ నిబంధనను చివరికి వెనక్కి తీసుకున్నారు. కాబట్టి రూ.2,499 గురించి దిగులు వద్దు.

చిక్కంతా ఆ డబ్బు దేనికి తీసుకున్నారన్న దగ్గర ఉంది. ‘ఏడాదికి ఇంత, ఒక సైటుకే, ఎవరికీ ఇవ్వరాదు’ అంటే వాడుకునే హక్కును అద్దెకిచ్చినట్టు. ఆ హక్కు మీ చేతిలో లేదు. కాపీ అందిన ప్రతివారికీ వాడుకునే, మార్చుకునే, పంచుకునే హక్కులు అసలు రచయిత నుంచే నేరుగా వెళతాయి. వాటి మీద అదనపు ఆంక్షలు పెట్టరాదని జీపీఎల్ 2వ వెర్షన్ 6వ సెక్షన్, 3వ వెర్షన్ 10వ సెక్షన్ చెబుతాయి. మీ బిల్లు మీది షరతును ఏ క్లినిక్ అయినా పక్కన పడేసి, ఆ జిప్ ఫైలును పది మందికి పంచినా, కీ అడిగే కోడ్‌ను తీసేసినా మీరు చేయగలిగింది ఏమీ లేదు. కీ పెట్టడం నేరం కాదు. దాన్ని అప్‌డేట్లకు, సపోర్టుకు కట్టండి. ఏడాది దాటగానే ప్లగిన్ పనిచేయడం ఆగిపోయేలా మాత్రం పెట్టకండి. కోడ్‌ను అయాన్‌క్యూబ్ లాంటి వాటితో చదవడానికి వీల్లేకుండా చేసి ఇచ్చి ఉంటే అదింకో ఉల్లంఘన. కుదించిన జావాస్క్రిప్ట్ ఫైళ్లకు కుదించని అసలు ఫైళ్లు జత చేయకపోవడం చాలామంది తెలియక చేసే తప్పు. మీ ప్యాకేజీలో అదీ చూసుకోండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన ‘పాత పేర్లు తీసేశాం’ అన్న మాట. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికే వస్తుంది. రచయిత పేరు, హక్కుదారు వివరాలు, వాడుక షరతులు అన్నీ ఆ చట్టం దృష్టిలో హక్కుల నిర్వహణ సమాచారం. తెలిసి తెలిసి, అనుమతి లేకుండా దాన్ని చెరిపేస్తే 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ కింద విడిగా ఉంది. ఆయన విదేశీయుడైనా, ఇక్కడ రిజిస్టర్ చేయించుకోకపోయినా ఫరక్ లేదు. మన దేశంలాగే బెర్న్ కాపీరైట్ ఒప్పందంలో ఉన్న దేశాల రచనలకు 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు ద్వారా ఇక్కడా రక్షణ ఉంటుంది.

దీనికి తోడు, జీపీఎల్ 2వ వెర్షన్ 4వ సెక్షన్ ప్రకారం షరతు మీరిన క్షణమే మీ లైసెన్స్ దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత మీరిచ్చే ప్రతి కాపీ అనుమతి లేని కాపీయే. తెలిసి ఉల్లంఘిస్తే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. (40 మందితో మీకొచ్చేది ఏడాదికి రూ.99,960. కనీస జరిమానాకే సగం పోతుంది.) ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగలిగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆచరణలో ఇలాంటి వివాదాలు ఎక్కువగా ఈమెయిళ్లతోనో సివిల్ దావాతోనో ముగుస్తాయి. కానీ ‘తెలియదు’ అన్న వాదన ఆ ఈమెయిల్ అందిన రోజుతో చెల్లిపోయింది. ఇప్పుడు ఇంకొక్క కాపీ అమ్మినా తెలిసి అమ్మినట్టే.

అయితే మీకో దారి ఉంది. అసలు ప్లగిన్ ప్రధాన ఫైలు తెరిచి, పైన లైసెన్స్ వరుసలో ఏముందో చూడండి. ‘జీపీఎల్ 2 లేదా ఆ తర్వాతి వెర్షన్’ అని ఉంటే మీరు 3వ వెర్షన్‌ను ఎంచుకోవచ్చు. దాని 8వ సెక్షన్ ప్రకారం, ఆ హక్కుదారు నుంచి మీకు ఇదే మొదటి నోటీసు అయి, అందిన 30 రోజుల్లోపు తప్పు సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. వారం అయిపోయింది కాబట్టి మీ చేతిలో మూడు వారాలే ఉన్నాయి. ‘2 మాత్రమే’ అని ఉంటే ఈ గడువు లేదు. అప్పుడు సరిదిద్దుకోవడంతో పాటు, మళ్లీ అనుమతి ఇవ్వమని ఆయన్ను రాతపూర్వకంగా అడగాలి.

అమ్మకం ఈ రోజే ఆపండి. మీరు తీసుకున్న వెర్షన్ సాధారణంగా డైరెక్టరీలో ఇంకా దొరుకుతుంది. దాన్ని దించుకుని మీ కాపీతో ఫైలు ఫైలుకీ పోల్చి, చెరిపిన ప్రతి కాపీరైట్ వరుసనూ తిరిగి పెట్టండి. మీరు మార్చిన ఫైళ్లలో దాని కిందే ‘ఫలానా సంస్థ ఫలానా తేదీన ఫలానా మార్పు చేసింది’ అని చేర్చండి. లైసెన్స్ పూర్తి పాఠం ప్యాకేజీలో ఉండాలి. ఏ ప్లగిన్ ఆధారంగా చేశారో రీడ్‌మీలో రాయాలి. తెలుగు కోసం మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు కలిపి ఉంటే వాటిది ఓపెన్ ఫాంట్ లైసెన్స్. సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు, ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు. దాని లైసెన్స్ ఫైలు కూడా జతచేయాలి.

ప్లగిన్ పేరు మార్చడం మంచిదే, అసలు పేరుతో అమ్మితే ట్రేడ్‌మార్క్ గొడవ మొదలవుతుంది. ‘ఫలానా ప్లగిన్ ఆధారంగా’ అని నిజాయితీగా చెప్పడానికి ట్రేడ్‌మార్క్స్ చట్టం 30వ సెక్షన్ అడ్డు చెప్పదు. ‘వర్డ్‌ప్రెస్’ అన్న పదం మీ డొమైన్ పేరులో పెట్టుకోకండి. ఫోల్డర్ పేరు పాతదే ఉంచితే ఒకరోజు అప్‌డేట్ నొక్కగానే డైరెక్టరీలోని ఉచిత వెర్షన్ వచ్చి మీ మార్పులన్నిటినీ తుడిచేస్తుంది. ఫోల్డర్ పేరు మార్చండి, వర్డ్‌ప్రెస్ 5.8 వెర్షన్ నుంచి వచ్చిన అప్‌డేట్ యూఆర్‌ఐ వరుసనూ (అప్‌డేట్ ఎక్కడి నుంచి రావాలో చెప్పేది) చేర్చండి. కానీ అలా విడదీశాక, అసలు రచయిత భద్రతా లోపం సరిచేస్తే ఆ మరమ్మతు మీ 40 సైట్లకు దానంతటది చేరదు. అవి రోగుల ఫోన్ నంబర్లున్న సైట్లు. ప్రతి విడుదలనూ గమనించి ఆ మార్పును మీ కాపీలోకి తెచ్చే పని మీదే. క్లినిక్ దగ్గర ఏటా డబ్బు తీసుకోవడానికి న్యాయమైన కారణం కూడా ఇదే.

ఇక అన్యాయమా అన్నారు. రచయిత పట్ల అన్యాయం పేరు చెరపడంతో జరిగింది. కొన్నవారి పట్ల జరిగింది, మూలం ఉచితంగా దొరుకుతుందని చెప్పకపోవడం. ‘మా సొంత సాఫ్ట్‌వేర్’ అని బ్రోచర్‌లో వేసి ఉంటే అది కాంట్రాక్ట్ చట్టం కింద తప్పుడు ప్రకటన అవుతుంది, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు వాళ్లకు వస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగానూ చూడొచ్చు. వ్యాపారం కోసం కొన్నవారు మామూలుగా ఆ చట్టంలో వినియోగదారులు కారు గానీ, స్వయం ఉపాధితో బతుకుతున్న డాక్టరు తనకు మినహాయింపు ఉందని వాదించగలరు.

కాబట్టి 40 మందికీ ఉత్తరం రాయండి. ఫలానా ఉచిత ప్లగిన్ దీనికి మూలం, ఎన్ని సైట్లలోనైనా వాడుకోవచ్చు, ఏడాది రుసుము అప్‌డేట్లకు, వాట్సాప్ సేవకు, ఫోన్‌లో సాయానికి మాత్రమే అని స్పష్టంగా చెప్పండి. వెనక్కి అడిగినవారికి డబ్బు ఇచ్చేయండి. కొత్త బిల్లులో ‘లైసెన్స్ ఫీజు’ బదులు ‘నిర్వహణ, సపోర్టు’ అని రాయండి. రసీదులు పంపే పని మీ సొంత సర్వర్ మీద నడిపితే ఆ సర్వర్ కోడ్‌ను జీపీఎల్ అడగదు. ఏజీపీఎల్ (సర్వర్ మీద నడిపే కోడ్‌నూ వాడేవారికి ఇవ్వమనే లైసెన్స్) అయితే లెక్క వేరు. తెలుగు అనువాదాన్ని వర్డ్‌ప్రెస్ అనువాద సైటులో చేర్చితే అందరికీ పనికొస్తుంది. అది మీ బాధ్యత కాదు, నా సూచన మాత్రమే.

ఆ ఈమెయిల్‌కు జవాబు నాలుగు వాక్యాలు చాలు: నోటీసు ఫలానా తేదీన అందింది, అమ్మకం ఆపాం, ఇవి సరిదిద్దాం, కొత్త కాపీ ఈ లింకులో ఉంది. వాదనలు, సంజాయిషీలు వద్దు. నష్టపరిహారం అడిగితే మాత్రం ఒప్పుకునే ముందు బిల్లులు, ఆ ఈమెయిల్, రెండు కాపీల జిప్ ఫైళ్లు పట్టుకుని మీ ఊళ్లో ఒక లాయర్‌ను కలవండి.